మాస్టారి కబుర్లు: కొండ కూడా విమానమే!

పిల్లలూ!

పోయిన నెల మిమ్మల్ని ఒక ప్రశ్న అడిగాను, జ్ఞాపకం ఉన్నదా? విశాఖపట్నంలో కొన్న చిప్సు పొట్లం, శృంగవరపుకోట దాటి, ఘాటు రోడ్డెక్కి అరకు చేరేసరికి దిండులాగా ఎందుకు ఉబ్బుతుంది అని. కొండమీద చలిగా ఉంటుంది గనుక ఉబ్బుతుందని కొందరు వ్రాశారు. అది పొరపాటు. చలికి గాలి ముడుచుకుంటుందే గాని ఉబ్బదు. అసలు కారణం గాలి ఒత్తిడి.

మన చుట్టూ ఉన్న గాలికి బరువున్నది. సముద్రపు ఒడ్డున అది ప్రతి చదరపు సెంటీమీటరునూ ఇంచుమించు ఒక కిలో బరువుతో నొక్కుతూ ఉంటుంది. కొండ ఎక్కినకొద్దీ మన నెత్తిమీద గాలి తగ్గుతుంది, ఒత్తిడీ తగ్గుతుంది. అరకులోయ సముద్రమట్టానికి 900 మీటర్ల పైచిలుకు ఎత్తున ఉన్నది. ఇక్కడి ఒత్తిడి, ఒడ్డున ఉండే ఒత్తిడిలో పదింట తొమ్మిది పాళ్ళు మాత్రమే. కింద మూసిన పొట్లంలోని గాలి పూర్వపు బలంతోనే లోపలినుంచి తోస్తుంది. బయటినుంచి నొక్కే బలం తగ్గింది. అందుచేత పొట్లం ఉబ్బుతుంది.

ఒక్క పాలు తగ్గితే పొట్లానికి వచ్చే నష్టం ఏమీ లేదు. కాని ఒక్కొక్క సమయంలో ఆ ఒక్క పాలే మనిషిని మంచాన పడవెయ్యగలదు. ఈ సంక్రాంతికి ఆ సంగతి మా ఇంటి గుమ్మందాకా వచ్చింది. ఏం జరిగిందో చెబుతాను, వినండి.

పండుగకు నాలుగు రోజుల ముందు, రాత్రి ఎనిమిది గంటలవేళ ఫోను మోగింది. మాట్లాడినవాడు మా చెల్లెలి మనవడు. విశాఖలో ఇంజనీరింగు చదువుతున్నాడు.

“తాతయ్యా! రేపు పొద్దున్న నేనూ, నా స్నేహితులు ముగ్గురూ రుషికొండ దగ్గర సముద్రంలోకి స్కూబా దిగుతున్నాం. రెండుసార్లు దిగుతాం. పదకొండు గంటలకల్లా అయిపోతుంది. అటునుంచి అటే కారులో బయలుదేరి సాయంత్రానికి నీ దగ్గర ఉంటాం. బొంగు చికెన్ చేయించి పెట్టు!” అన్నాడు.

నాకు వాడంటే ప్రాణం. అయినా, “రేపు రావద్దురా” అన్నాను.

వాడు కొంచెంసేపు మాట్లాడలేదు. “ఏం, ఇంటికి చుట్టాలు వస్తున్నారా?” అన్నాడు చిన్నబుచ్చుకుని.

“చుట్టాలు కాదు. సముద్రంలోనుంచి లేచి అదే రోజున కొండ ఎక్కకూడదు. ఎందుకంటే...” అంటూండగానే ఫోను తెగిపోయింది. మా కొండల్లో సిగ్నలు సంగతి మీకు తెలిసినదే గదా!

పది నిమిషాలకు మళ్ళీ మోగింది. ఈసారి మా చెల్లెలు.

“అన్నయ్యా! పిల్లవాడు పండక్కి వస్తానంటే రావద్దన్నావట. వాడు అన్నం కూడా తినకుండా కూర్చున్నాడు. ఇదేం బాగున్నది?” అంది కోపంగా.

“అమ్మాయీ, వాణ్ణి ఒక సోడాబుడ్డి తెచ్చుకుని ఫోను దగ్గర కూర్చోమను. నువ్వు కూడా విను” అన్నాను.

వాడు సోడా తెచ్చుకున్నాడు.

“మూత తియ్యకముందు సీసాలో బుడగలు కనిపిస్తున్నాయా?”

“లేవు.”

“ఇప్పుడు మూత తియ్యి.”

బుస్సుమన్న చప్పుడు నాకు ఇక్కడికి వినిపించింది.

“బుడగలే బుడగలు తాతయ్యా!”

“అవి ఎక్కడివి? నువ్వు పొయ్యలేదు గదా?”

పిల్లలూ, ఆ బుడగలు మొదటినుంచీ సీసాలోనే ఉన్నాయి. సోడా కట్టేవాళ్ళు బొగ్గుపులుసు గాలిని ఎక్కువ ఒత్తిడితో నీళ్ళలోకి పంపుతారు. ఒత్తిడి ఉన్నంతసేపూ ఆ గాలి, ఉప్పు నీళ్ళలో కరిగినట్లు కరిగి, కంటికి కనబడకుండా ఉంటుంది. మూత తీస్తే ఒత్తిడి పోతుంది. అప్పుడు కరిగిన గాలి బుడగలుగా మారి పైకి వస్తుంది.

సముద్రంలో మునిగేవాడి శరీరం కూడా ఒక సోడాబుడ్డి వంటిదే. అతని వీపున గాలి నింపిన సిలిండరు ఉంటుంది. అందులో ఉండేది ఉత్త ప్రాణవాయువు అని చాలామంది అనుకుంటారు. కాదు. మామూలుగా అందులో ఉండేది మనం పీల్చే గాలే, కుక్కి కుక్కి నింపినది. అందులో నూటికి 78 పాళ్ళు నత్రజని. ఒడ్డున మనమీద ఉండే ఒత్తిడిని ఒకటి అనుకుంటే, పది మీటర్ల లోతున అది రెండవుతుంది, ఇరవై మీటర్ల లోతున మూడవుతుంది. లోతున పీల్చే గాలి కూడా అంత ఒత్తిడితోనే ఊపిరితిత్తుల్లోకి వెడుతుంది.

ప్రాణవాయువును శరీరం ఖర్చు పెట్టుకుంటుంది. నత్రజనితో దానికి పని లేదు. అందుచేత అది నెత్తుటిలోనూ, కొవ్వులోనూ, నరాల్లోనూ కరిగి కూర్చుంటుంది. ఎంత లోతుకు దిగితే, ఎంతసేపు ఉంటే, అంత ఎక్కువగా కరుగుతుంది. మెల్లిమెల్లిగా పైకి వస్తే అది వచ్చిన దారినే, నెత్తుటితో ఊపిరితిత్తులకు చేరి, ఊపిరితో బయటికి పోతుంది. గబగబా పైకి వస్తే సోడా మూత తీసినట్లే. బుడగలు కడతాయి.

ఆ బుడగలు కీళ్ళలో చేరితే భుజం, మోచెయ్యి, మోకాలు సలుపుతాయి. చర్మంలో చేరితే దురద. వెన్నుపాములో చేరితే కాళ్ళు తిమ్మిరెక్కుతాయి, ఒక్కొక్కప్పుడు పడిపోతాయి కూడా. తల తిరగవచ్చు, మాట తడబడవచ్చు. చాలామందికి ఈ బాధలు కొద్ది గంటల్లోనే మొదలవుతాయి. ఒత్తిడి సడలడంవల్ల వచ్చే ఈ జబ్బును ఇంగ్లీషువాళ్ళు ‘బెండ్స్’ అన్నారు. నొప్పితో మనిషి వంగిపోయేవాడు గనుక ఆ పేరు.

“అదంతా సరే తాతయ్యా. మేము మెల్లిగానే పైకి వస్తాం గదా. ఒడ్డుకు వచ్చాక ఇంకేం భయం?” అని అడిగాడు మావాడు.

మంచి ప్రశ్న. మెల్లిగా వచ్చినా నత్రజని అంతా ఒక్కసారి పోదు. కొంత మిగిలి, గంటల తరబడి నెమ్మదిగా పోతూ ఉంటుంది. ఒడ్డున ఉండే ఒత్తిడికి ఆ మిగిలినది సాధారణంగా అణిగే ఉంటుంది. ఆ స్థితిలో మనిషి కొండ ఎక్కాడనుకోండి. ఒత్తిడి ఇంకొక పాలు తగ్గుతుంది. బిగించి ఉన్న మూతను ఇంకాస్త సడలించినట్లన్నమాట! అప్పటిదాకా అణిగిన నత్రజని బుడగ కట్టవచ్చు.

“మా శిక్షకుడు, ‘ఎల్లుండిలోగా ఎవరైనా విమానం ఎక్కుతున్నారా?’ అని అడిగాడు. లేదని చెప్పాం” అన్నాడు వాడు.

“నువ్వు చెప్పినదీ నిజమే, ఆయన అడిగినదీ సరైన ప్రశ్నే. కాని నాయనా, కొండ కూడా విమానమే” అన్నాను.

విమానం పది కిలోమీటర్ల ఎత్తున ఎగిరినా, లోపల కూర్చున్నవారికి కాస్త గాలి ఒత్తిడి కల్పిస్తారు. అయినా అది సుమారు 1,800 నుంచి 2,400 మీటర్ల ఎత్తుగల కొండమీద ఉన్నట్లే ఉంటుంది. అందుచేత సముద్రంలో ఒక్కసారి కొద్దిసేపు దిగినవారు కనీసం 12 గంటలు, రెండు మూడుసార్లుగాని, వరుసగా కొన్ని రోజులుగాని దిగినవారు కనీసం 18 గంటలు ఆగి విమానం ఎక్కాలని వైద్యుల సలహా. చాలా లోతుకు దిగి, దారిలో ఆగి ఆగి పైకి వచ్చినవారు అంతకంటె ఎక్కువసేపే ఆగాలి. ఈ సలహా 600 మీటర్లు దాటిన ఏ ఎత్తుకైనా వర్తిస్తుంది. మన అరకు 900 దాటింది గదా! విమానానికి టిక్కెట్టు కొనాలి గనుక మనిషి ఆలోచిస్తాడు. కొండకు టిక్కెట్టు లేదు గనుక మరచిపోతాడు.

ఇప్పుడు ఈ నియమాలు ఎలా పుట్టాయో చెబుతాను.

పూర్వం నదుల్లో వంతెనల స్తంభాలు కట్టడానికి, అడుగులేని పెద్ద పెట్టెలను నీటిలోకి దించి, నీరు రాకుండా ఒత్తిడితో గాలి నింపేవారు. కూలీలు ఆ పెట్టెల్లో పనిచేసి పైకి వచ్చాక కీళ్ళు పట్టుకుని మెలికలు తిరిగేవారు. అమెరికాలో బ్రూక్లిన్ వంతెన కట్టించిన ఇంజనీరు వాషింగ్టన్ రోబ్లింగ్ కూడా 1872లో ఈ జబ్బుకే మంచాన పడ్డాడు. ఆయన కిటికీలోనుంచి చూస్తూ చెప్పిన మాటలను భార్య ఎమిలీ పనివాళ్ళకు చేరవేసింది. 1883లో వంతెన పూర్తయింది. జబ్బుకు కారణం నత్రజని బుడగలేనని 1878లో పాల్ బెర్ట్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఋజువు చేశాడు.

కారణం తెలిసింది గాని, తప్పించుకునే ఉపాయం తెలియలేదు. దానిని కనిపెట్టినవాడు జాన్ స్కాట్ హాల్డేన్. ఆయనకు సహాయం చేసినవి ఎవరనుకున్నారు? మేకలు! లండనులో ఒక పెద్ద ఇనుపగదిలో మేకలను ఉంచి, ఒత్తిడి పెంచి, రకరకాలుగా తగ్గించి చూశాడు. నొప్పి పుట్టిన మేక ముందరి కాలు ఎత్తిపట్టుకుని నిలబడేది. మా కొండల్లో మేకలు కాచే పిల్లలకు దాని అర్థం ఎవరూ చెప్పనక్కరలేదు. ఆ మేకల పుణ్యమా అని, 1908లో హాల్డేన్ ఒక పద్ధతి ప్రకటించాడు. ఒత్తిడిని ఒక్కసారిగా సగానికి మించి తగ్గించకూడదు, మెట్టుకొకసారి ఆగి ఆగి పైకి రావాలి. లెక్కలు తరవాత చాలా మారినా, ఆగి ఆగి పైకి రావాలన్న మాట ఈనాటికీ నిలిచింది.

ఆయన కొడుకు జె.బి.ఎస్. హాల్డేన్. పదమూడో ఏటనే, 1906లో, తండ్రి పరిశోధనల కోసం సముద్రంలో దిగాడు. తొడుగు వదులై లోపలికి నీళ్ళు కారాయి, అయినా బెదరలేదు. పెద్దవాడై గొప్ప శాస్త్రజ్ఞుడయ్యాడు. 1939లో థీటిస్ అనే బ్రిటిషు జలాంతర్గామి మునిగి 99 మంది చనిపోయినప్పుడు, అటువంటివారిని రక్షించే మార్గం తెలుసుకోవడానికి తన శరీరం మీదనే పరిశోధనలు చేసుకున్నాడు. ఇనుపగదిలో కూర్చుని, ఎక్కువ ఒత్తిడిలో ఉత్త ప్రాణవాయువు పీలిస్తే ఏమవుతుందో చూశాడు. ఫిట్లు వచ్చి వెన్నుపూసలు దెబ్బతిన్నాయి. చెవి గూబకు చిల్లుపడితే, చెవిలోనుంచి పొగ వదలగలనని నవ్వేవాడట!

ఈయన మనకు చాలా దగ్గరివాడు. 1957లో భారతదేశానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. ఆయన శిష్యుల్లో మన తెలుగువాడు ద్రోణంరాజు కృష్ణారావు ఒకడు. 1964 డిసెంబరులో హాల్డేన్ భువనేశ్వరంలో కన్నుమూశాడు. చనిపోయాక కూడా తన శరీరం చదువుకు ఉపయోగపడాలని ముందే వ్రాసిపెట్టాడు. ఆ కోరిక ప్రకారం దానిని కాకినాడలోని రంగరాయ వైద్య కళాశాలకు పంపారు. ఆయన అస్థిపంజరం అక్కడ భద్రంగా ఉన్నది.

ఇక వైద్యం సంగతి. బుడగ కట్టినవాడిని ఏం చెయ్యాలి? సోడాబుడ్డికి మళ్ళీ మూత బిగించాలి! అంటే మనిషిని మళ్ళీ ఒత్తిడిలో పెట్టాలి. దీనికి గుండ్రటి కిటికీలున్న బలమైన ఇనుపగది ఉంటుంది. తలుపు బిగించి లోపలికి గాలి పంపుతారు. సాధారణంగా ఒడ్డున ఉండే ఒత్తిడికి 2.8 రెట్లు, అనగా 18 మీటర్ల లోతున ఉన్నంత ఒత్తిడి కల్పిస్తారు. బుడగలు సుమారు మూడోవంతుకు కుదించుకుపోతాయి. రోగి ముఖానికి ముసుగు తగిలించి ప్రాణవాయువు ఇస్తారు. కొత్తగా నత్రజని లోపలికి రాదు గనుక, లోపల ఉన్నది త్వరగా బయటికి పోతుంది. బుడగలు అడ్డుపడి ఊపిరాడని భాగాలకు ప్రాణవాయువు కూడా అందుతుంది.

కాని ప్రాణవాయువు మితిమీరితే విషమేనని హాల్డేన్ అనుభవం చెప్పింది గదా! అందుచేత ఇరవై నిమిషాలకొకసారి అయిదు నిమిషాలు మామూలు గాలి పీల్చనిస్తారు. తరవాత ఒత్తిడిని చాలా నెమ్మదిగా తగ్గిస్తారు. ఒక్క విడత వైద్యానికి దాదాపు అయిదు గంటలు పడుతుంది. అవసరమైతే మరుసటి రోజున మళ్ళీ చేస్తారు. త్వరగా వైద్యం అందినవారు చాలామంది పూర్తిగా కోలుకుంటారు. కుంపటి పొగకు స్పృహ తప్పినవారికీ, చక్కెర జబ్బువల్ల కాలిపుండ్లు మానని కొందరికీ కూడా ఈ గది ఉపయోగపడుతుంది.

ఇటువంటి గదులు ఓడల మీద కూడా ఉంటాయి. 2025 జులై 18న విశాఖలో మన నౌకాదళంలో చేరిన ‘నిస్తార్’ అటువంటి ఓడ. దానిని కట్టింది విశాఖలోని హిందుస్థాన్ షిప్‌యార్డు. నిస్తారమంటే తరింపజేయడం. దానిమీది గజ ఈతగాళ్ళు 300 మీటర్ల లోతుదాకా దిగి పనిచెయ్యగలరు. అంత లోతున ఉన్నవారి ఒత్తిడిని తగ్గించి మామూలు గాలికి తేవడానికి పది రోజులు పైనే పడుతుంది! అదే పేరుగల పాత ఓడ 1971లో విశాఖ దగ్గర మునిగిన పాకిస్తాను జలాంతర్గామి ఘాజీని పరిశీలించడానికి ఈతగాళ్ళను దింపింది.

అయితే గదులన్నీ కింద, పెద్ద పట్టణాల్లో ఉంటాయి. కొండమీద జబ్బుపడితే? చిక్కంతా అక్కడే ఉన్నది. అరకునుంచి విశాఖ సుమారు 115 కిలోమీటర్లు. కిందికి దిగే దారే గదా అనుకుంటారు. కాని మన రోడ్డు ముందు గాలికొండ వైపు ఇంకా పైకి ఎక్కి, ఆ తరవాతనే దిగుతుంది. రైలు కూడా అంతే, అరకుకంటె ఎత్తున, 996 మీటర్ల మీద ఉన్న శిమిలిగూడ స్టేషను దాటి దిగాలి. అంటే బుడగలున్న రోగి కిందికి చేరేలోగా ఇంకా ఎత్తు ఎక్కవలసి వస్తుంది! అందుకే నేను మావాణ్ణి రావద్దన్నది.

పెద్దలకు కూడా ఒక మాట. సముద్రంలో దిగి వచ్చినవారికి ఒకటి రెండు రోజుల్లో కీళ్ళనొప్పి, తిమ్మిరి, తల తిరగడం, అంతులేని అలసట కనిపిస్తే, ప్రయాణపు బడలిక అని నూనె రాసి పడుకోబెట్టకండి. 108కు ఫోను చెయ్యండి. మనిషిని వెల్లకిల పడుకోబెట్టి, ఎంత త్వరగా వీలైతే అంత త్వరగా ప్రాణవాయువు అందేటట్లు చూడండి. నయమవుతుందని మళ్ళీ నీటిలోకి దింపవద్దు. అన్నిటికంటె ముఖ్యం, డాక్టరుగారితో మొట్టమొదట చెప్పవలసిన మాట ఒకటున్నది: “సముద్రంలో మునిగి వచ్చాడు.” ఆ మాట చెప్పకపోతే, కొండ ఎక్కడంవల్ల వచ్చిన నొప్పి అని ఎంత మంచి డాక్టరైనా అనుకోవచ్చు.

ఇంకొక హెచ్చరిక. నీటిలోనుంచి పైకి వచ్చేటప్పుడు ఊపిరి బిగబట్టకూడదు. పది మీటర్ల లోతున ఊపిరితిత్తుల్లో నింపుకున్న గాలి, పైకి వచ్చేసరికి రెండింతలవుతుంది. దానికి దారి ఇవ్వకపోతే ఊపిరితిత్తులు చిరిగి, గాలి నెత్తుటిలోకి పోతుంది. అది మరీ ప్రమాదం.

ఇదంతా విని మావాడు, “అయితే ఎల్లుండి భోజనం చేసి బయలుదేరుతాం తాతయ్యా” అన్నాడు. మర్నాడు శిక్షకుణ్ణి అడిగితే, “మీ తాతగారు చెప్పిందే సరైనది. ఇకమీదట విమానంతోపాటు కొండ సంగతి కూడా అడుగుతాను” అన్నాడట. ఆ మాట విని నాకు కడుపు నిండినట్లయింది.

ఎల్లుండి సాయంత్రం నలుగురూ నవ్వుకుంటూ దిగారు. వాళ్ళ వెనక డబ్బా నిండా అరిసెలతో మా చెల్లెలు కూడా దిగింది. మావాడి చేతిలో చిప్సు పొట్లం దిండులాగా ఉబ్బి ఉన్నది.

“అన్నయ్యా, ఇకమీదట ఎవరినైనా రావద్దనేముందు సోడాబుడ్డి సంగతి చెప్పి, తరవాత రావద్దను!” అన్నది చెల్లెలు.

మీరు ఇంట్లో రెండు సోడాలు తెచ్చి చూడండి. ఒకదాని మూత ఒక్కసారిగా తియ్యండి. రెండోదానిని కొద్దికొద్దిగా, ఆగి ఆగి తియ్యండి. ఏది ఎక్కువగా పొంగిందో వ్రాసుకోండి. మేకలు హాల్డేన్‌కు చెప్పిన పాఠం మీకూ తెలుస్తుంది.

వచ్చే నెలకు ప్రశ్న: కింద శృంగవరపుకోటలో ఉడికినంత త్వరగా, మూతలేని గిన్నెలో కందిపప్పు అరకులో ఎందుకు ఉడకదు? ఆలోచించి వ్రాయండి.

మీ మాస్టారు